వేయని చుక్క

ప్రియమైన దర్జీ దొరకి,

ఇక్కడ చలి తగ్గింది. గది మాత్రం అదే: మంచం, బల్ల, ఒక్క కుర్చీ. ఆదివారాలు నా గొంతు నాకే కొత్తగా వినిపిస్తోంది. మిగతా రోజుల్లో ల్యాబులో చేపల అండాశయాలు ముక్కలు కోసి గాజుపళ్లేల్లో పెడతాను. గుడ్డు ఎదగాలంటే చేప మెదడు నుంచి ఒక హార్మోను రావాలట. పళ్లెంలో మెదడెక్కడిది? అందుకే ఆ హార్మోను చుక్క నేనే వేస్తాను.

ఉద్యోగం ఇంకో రెండేళ్లు పొడిగించారు. ఏం చేయమంటావు?

నీ చేపలమ్మ

*

ప్రియమైన చేపలమ్మకి,

ఏం చేయమంటానా? ఉండు. నాదేముంది, కుట్టుమిషను ఎక్కడ పెడితే అక్కడే దుకాణం. నువ్వు రమ్మంటే మర్నాడే వస్తాను. అడగందే అమ్మయినా పెట్టదంటారు, ఆ ఒక్క ముక్క రాయవేం? పిలవని పేరంటానికి వచ్చినట్టు నీ గుమ్మంలో నిలబడటానికి మొహం చెల్లడం లేదు.

నిన్న నీ పాత కోటు గుండీలన్నీ ఊడదీసి మళ్లీ కుట్టాను. నిజానికి అవి ముందే గట్టిగా ఉన్నాయి.

నీ దర్జీ

*

ప్రియమైన దర్జీ దొరకి,

నేను పిలవను. పిలిస్తే వచ్చేవాడు చుట్టం. నాకు చుట్టాలొద్దు. రెండేళ్ల కిందట ఈ ఉద్యోగానికి వెళ్లనా అంటే "నీ ఇష్టం" అన్నావు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ఏడుపొస్తోంది, వదిలేస్తున్నా.

నీ ఉత్తరం నా కొంప ముంచింది. అది చదువుతూ పన్నెండు పళ్లేల్లో చుక్క వేయడం మరిచాను. నాలుగోరోజు పరీక్షిస్తే అదే హార్మోను కనబడింది! "వేసి మరిచిపోయుంటావు తల్లీ" అన్నారు మా ల్యాబు పెద్దాయన. లేదండీ అని మొండికేశాను. కొత్త చేపలతో ఆయన కళ్లముందే మళ్లీ చేశాను. ఉంది. మెదడు పంపాల్సినదాన్ని ఆ చిన్న ముక్క తనంతట తనే తయారుచేసుకుంటోంది. కొంచెమే, కానీ రోజురోజుకీ పెరుగుతోంది.

ఆయన ఎగిరి గంతేశారు. నేను గదికొచ్చి, ఎవరికి చెప్పాలో తెలియక ఆ ఒక్క కుర్చీలో కూర్చున్నాను.

నీ చేపలమ్మ

*

ప్రియమైన చేపలమ్మకి,

దీన్ని పోస్టులో వేయలేదు. నీ గది తలుపు కిందనుంచి తోస్తున్నాను. నువ్వింకా ల్యాబులోనే ఉన్నావని పక్కగది ఆవిడ చెప్పింది.

హార్మోను సంగతి నాకు సగమే అర్థమైంది. ఆ సగం చాలనిపించింది. ఆ రోజు "నీ ఇష్టం" అన్నది ఇష్టం లేక కాదే పిచ్చిదానా. వద్దంటే ఆగిపోతావని, నేనూ వస్తానంటే నీకు బరువవుతానని భయపడ్డాను.

వెనకవైపు మెట్ల దగ్గర మిషనుకి కాపలా కాస్తున్నాను. పైకి మోయడానికి ఇంకో చెయ్యి కావాలి. కుర్చీ కూడా ఒకటి తెచ్చాను, దాని మీదే కూర్చున్నాను.

నన్నెవరూ రమ్మనలేదు. వచ్చాను.

నీ దర్జీ