పటాన్ని వాగులో కలిపే ముందు

ఆదివారం, బచ్చన్నపేట

బొమ్మల పటం చూపిస్తూ మాకు మా కులం పుట్టుక కథ చెప్పే ఎల్లయ్య రేపు చిరిగిపోయిన తన పటాన్ని వాగులో కలిపేస్తాడు. పటం వాళ్లకు దేవుడే; చిరిగితే అలా నీళ్లలో సాగనంపడం వాళ్ల ఆనవాయితీ. మళ్లీ అలా బొమ్మలు వేసేవాళ్లు అతనికి దొరకలేదు.

అందుకే వాకిట్లో పరిపించి, వరుస తప్పకుండా నంబర్లు వేసుకుంటూ ఒక్కో బొమ్మనూ ఫోన్‌తో తీశాను. జనగామలో బట్ట మీద ప్రింటు తీయిస్తానన్నాను.

"సాగనంపినంక గూడ ఫొటోల ఉంటే, దేవుడు పోయినట్టా ఉన్నట్టా అక్కా?" అన్నాడు.

ఫోన్ కిందికి దించాను. తప్పు చేస్తున్నానేమో అనిపించింది.

పటంలో ఒక గుర్రాన్ని చూపిస్తూ తనే అన్నాడు: "తీయించు. గని గీ గుర్రం కాలుకు మళ్ల రంగు దిద్దమనకు. మా బాపు కథ చెప్పుకుంట వేలు పెట్టి పెట్టి గట్ల మాసింది."

ఆ కాలిని దగ్గర నుంచి మరోసారి తీశాను. వెలుతురు బాగా పడింది.