నా చేయి వణకలేదని మనవి

ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా అమ్మాయి రక్తమును పారబోయక పరీక్ష చేయించుట గురించియు, చనిపోయిన నా భార్యను మరల రక్తమిమ్మని పిలుచుట ఆపించుట గురించియు.

వాచీలు బాగుచేసుకొని బతుకు నేను సవినయముగా విన్నవించుకొనునది:

1. నా భార్య కళ్లు పచ్చబడి, మూత్రము టీ డికాషన్ రంగుకు తిరిగి, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడు స్థితిలో తమ ఆసుపత్రిలో చేరినది. ఒంట్లో ఎర్ర కణాలు పగిలిపోతున్నవనియు, ఎందుకు పగులుతున్నవో రక్తపరీక్షలో తేల్చవలెననియు వార్డు డాక్టరమ్మ సెలవిచ్చినారు.

2. రక్తము తీసిన ట్యూబును ల్యాబుకు మోయు పని తమ ఆసుపత్రిలో రోగి తాలూకు మనుషులదే. మోసితిని. ప్రతిసారీ పనికిరాదని తిప్పి పంపినారు. రక్తము అడుగుకు దిగాక పైన తేరుకొను నీరు ఎండుగడ్డి రంగులో ఉండవలెనట, మాది ఎర్రగా ఉన్నదట. "దారిలో కుదిపేశావయ్యా, కణాలన్నీ పగిలిపోయాయి. మళ్లీ తీయించుకురా" అని ల్యాబు ఆయన ట్యూబును చెత్తడబ్బాలో వేసినారు. రక్తము తరిగిపోతున్న మనిషి దగ్గర మళ్లీ మళ్లీ తీసినారు.

3. నా చేయి వణికితే నాకు కూడు లేదు. అయినను వారి మాట నమ్మితిని. ట్యూబును రెండు అరచేతుల నడుమ పెట్టుకొని, ఊపిరి బిగబట్టి, గోడవారగా నడిచితిని. ఆమె మంచం మీద నుంచి చూసి నవ్వింది. "పెళ్లైన కొత్తలో నన్ను కూడా ఇంత అపురూపంగా చూసుకోలేదు కదయ్యా నువ్వు" అంది. ఈ మాట అర్జీలో అనవసరమని తెలుసు. కొట్టివేయుటకు మనసు రాలేదు.

4. ఆ వారమే ఆమె పోయినది. నమూనా చెడినందున కారణము తేలలేదని కాగితమిచ్చినారు. నాటి నుండి ఇంట్లో మంచినీళ్ల గ్లాసును కూడా అలాగే మోస్తున్నాను. వెనకాల ఆమె నవ్వు వినబడుతుంది. తిరిగి చూడను.

5. అయినను ఆమె పేరున నా ఫోనుకు తమ ల్యాబు నుండి మెసేజీలు ఆగలేదు. "మీ నమూనా చెడిపోయినది. పరగడుపున వచ్చి మరల రక్తం ఇవ్వగలరు." కౌంటరులో మొరపెట్టుకొనగా, "పరీక్ష పూర్తయితేగానీ కంప్యూటర్లో పేరు తీయటానికి వీల్లేదండి" అన్నారు.

6. ఇప్పుడు మా అమ్మాయి కళ్లు పచ్చబడినవి. ఈసారి ట్యూబును నేను ముట్టలేదు. నర్సమ్మ స్వయముగా పట్టుకెళ్లినారు. అయినా నీరు ఎర్రగానే ఉంది, అయినా పారబోశారు. డాక్టరమ్మకు కోపమొచ్చింది. "ఒంట్లోనే పగులుతుంటే ఎన్నిసార్లు తీసినా ఇలాగే ఉంటుంది. ఆ ఎరుపే కదా జబ్బు ఆనవాలు, పారేస్తే ఇంక దేన్ని పరీక్షిస్తారు?" అని ల్యాబుకు చీటీ రాసినారు. ఎర్రబడినది పారవేయవలెనన్నది నిబంధన అనియు, సడలించుటకు తమ సంతకము కావలెననియు జవాబు వచ్చినది.

అంటే నా చేతుల తప్పేమీ లేదు. అది తెలిసిన రోజు సంతోషించాలి కదా, భయమేసింది. తప్పు నా చేతులదే అయితే ఎంత బాగుండేది. ట్యూబును వేరే వాళ్ల చేత మోయించి పిల్లను దక్కించుకునేవాడిని.

కావున మా అమ్మాయి రక్తము ఏ రంగున ఉన్నను పరీక్షించునట్లును, దాని తల్లిని ఇక పిలవకుండునట్లును ఆజ్ఞాపించి, ఈ విన్నపమును దయతో చిత్తగించవలెనని వేడుకొను,

తమ విధేయుడు,
ఆ రోగి భర్త, ఈ రోగి తండ్రి.

తా.క. ఇది కవరులో పెడుతుండగా మెసేజీ మళ్లీ వచ్చింది. పొద్దున కలిపి పెట్టిన అన్నం పిల్ల ముట్టలేదు. ఎందుకమ్మా అంటే, "అమ్మని పరగడుపున రమ్మన్నారుగా నాన్నా. అమ్మ బదులు నేనిచ్చేస్తాను, అప్పుడైనా అమ్మను వదిలేస్తారు" అంది. దాని ఒంట్లో ఇద్దరికి సరిపడా రక్తం లేదయ్యా. సంతకం తొందరగా పెట్టండి.