నికనోర్ పేరున్న సీసా

జనవరి 8
పీపాలోంచి గ్రెనాష్ ద్రాక్ష వైన్ తీసి చూశాం. ఎంత పల్చగా ఉందంటే గ్లాసులోంచి నా వేళ్ళు కనిపిస్తున్నాయి. లాస్ ఏంజెలెస్ నుంచి వచ్చిన హోల్‌సేల్ వాడు, ఇది గులాబీరంగు రోజే వైనా అని నవ్వాడు. నా ముఖం మాడిపోయింది.

నికనోర్ ఉంటే వాడికి నాలుగు తగిలించేవాడు. ఇరవై ఆరేళ్ళు మా ద్రాక్షతోట మేస్త్రీ. సముద్రం మీంచి వచ్చే పొగమంచు మధ్యాహ్నం దాకా కదలని ఆ కొండవాలు మీద గ్రెనాష్ నాటతానంటే, ఇక్కడ అది పండదని లోయంతా నవ్వింది. ఆయన నాటాడు. ఏటా అందరి కోతలూ అయిపోయాక నవంబర్‌లో మాది. వాన భయంతో నేను చస్తుంటే, గింజ కొరికి ఉమ్మేసి, ద్రాక్షకి లేని తొందర నీకెందుకమ్మాయ్, ఆగు అనేవాడు. ఇప్పుడు ఊపిరితిత్తులు పాడై ఇంట్లోనే ఉంటున్నాడు. ఆ వాలు పంటని దేంతోనూ కలపకుండా ఒక్కసారి తన పేరుతో సీసాల్లో పొయ్యమన్నాడు. మాటిచ్చాను.

జనవరి 15, సాయంత్రం 4
రంగు కోసం ముదురు ఎరుపు షిరాజ్ వైన్ కలిపాను. వందకి ఎనిమిది పాళ్ళే. అయినా లేబుల్ మీద గ్రెనాష్ అనే రాసుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. అందరూ చేసేదే. రంగు బ్రహ్మాండంగా వచ్చింది.

సెల్లార్‌లో నాతో పనిచేసేది నికనోర్ కూతురు లిడియానే. గొట్టం కడుగుతూ, నాన్నకి చెప్పావా అంది. చెప్తాలే అన్నాను.

జనవరి 16
చెప్పలేదు.

ఫిబ్రవరి 6
ఆరు వందల సీసాలు నింపాం. లేబుల్ మీద పెద్దక్షరాల్లో నికనోర్. ఫోటో తీసి ఆయనకి పంపాను. సిగ్గు లేకపోతే సరి.

ఫిబ్రవరి 20
ఒక సీసా పట్టుకెళ్ళాను. ఆయన ఓ గుక్క నోట్లో చాలాసేపు ఉంచుకున్నాడు. బాగుంది అన్నాడు. ఎవరిది అని అడిగాడు.

మీదే అన్నాను. వందలో తొంభై రెండు పాళ్ళు నిజమే. ఛీ, డైరీలో కూడా ఈ సాకులేనా.

గ్లాసు కిటికీ వెలుతురులో పట్టి చూశాడు. వేళ్ళు కనిపించలేదు. తిట్టినా బావుండేది. దాని మీంచి నా పేరు తీసెయ్యమ్మాయ్ అన్నాడు. ఆ తర్వాత, ఈ ఏడాది తీగలు కత్తిరించడం అయిందా అని అడిగాడు.

ఫిబ్రవరి 23
వేణ్ణీళ్ళలో నానబెట్టి లేబుళ్ళు గీకుతున్నాను. మనుషుల్ని పెట్టి చేయించచ్చు. పెట్టను. ఇవాళ తొంభై సీసాలు. గోళ్ళ సందుల్లో జిగురు. పేరు గీకితే పోతుంది. కలిపింది విడదీయడం ఎవరి తరమూ కాదు.

మార్చి 12
పీపాల్లో వైన్ ఆవిరై తగ్గినప్పుడల్లా పైన నింపడానికి అదే వైన్ కొంచెం విడిగా ఉంచుతాం. లిడియా ఆ గాజు కూజా తెచ్చి బల్ల మీద పెట్టింది. షిరాజ్ కలపకముందుది. నువ్వు పారబొయ్యమన్నావు, నాకు మనసొప్పలేదు అంది. సరిగ్గా ఒక్క సీసా అయింది. తెల్ల గాజు సీసాలో పోసి, మిగిలిన లేబుల్ అంటించి పరిగెత్తాను.

నికనోర్ దాన్ని కిటికీ దగ్గర పట్టుకున్నాడు. వైన్‌కి అవతల ఆయన వేళ్ళు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. నేను కార్క్ తియ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. ఇది ఇంకా పసిది, మూడేళ్ళు ఆగు అన్నాడు.

డాక్టర్ ఆయనకిచ్చిన గడువు వేసవి దాకానే. ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఒక్క గుక్క తాగమని బతిమాలాను, ఏడ్చాను. వినలేదు. సరే, ఆగుతానన్నాను. ఆయన నమ్మినట్టు లేదు.

జూన్ 12
పొద్దున నికనోర్ పోయాడు.
సీసా తెరవలేదు. ఇంకా రెండేళ్ళ తొమ్మిది నెలలు.