ఆఖరి పాట

బాబాయిగారికి నమస్కారం.

నేను హాస్టల్లో మీ అమ్మాయి పక్కమంచం పిల్లని. నిన్న ఆసుపత్రిలో తన చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు లాగేసి, "ఈ అరుపులు వినీ వినే దీని తలలో గడ్డ లేచింది. ఇక చాలమ్మా, నువ్వెళ్లు" అన్నారు. మీరు వెళ్లమన్నారని వచ్చేశాను. అందుకే రాస్తున్నాను.

పాటల వల్ల గడ్డలు రావని డాక్టరుగారు చెప్పారు. మీరూ ఒకసారి అడగండి.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. ఇంగ్లీషు రాక మూల కూర్చుంటే, తనే వచ్చి నా చెవిలో రాక్ పాట పెట్టి, "అర్థం కాకపోతే ఏంటే, ఆ గిటారుకి మాత్రం ఇంగ్లీషొచ్చా?" అంది. తను కంచం మీద దరువేస్తుంటే అందరం డ్రమ్మమ్మ అని ఏడిపించేవాళ్లం.

ఏ ఆల్బమ్ కొన్నా ఆఖరి పాట మాత్రం పరీక్షలయ్యాక విందామని దాచేది. ఈసారీ దాచింది. తను ఇక పరీక్షలు రాయదని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

మాట పోయినా వినబడుతూ ఉండొచ్చని నర్సు అన్నారు. తన ఫోన్ మీ దగ్గరే ఉంది. నన్ను రానివ్వకపోయినా ఫరవాలేదు, ఆ పాట మీరే పెట్టండి. ఎంతసేపుంటుందో నాకూ తెలియదు, నేనూ వినలేదు. గోలగా అనిపించినా దయచేసి మధ్యలో ఆపకండి.