బియ్యం బస్తా కింద ఊపిరాడని బ్యాటరీ

ఒకదాన్ని "ఇక లాభం లేదు" అని తేల్చెయ్యడానికి మనుషులకు ఎందుకంత తొందర? చాలా ఏళ్లుగా నన్ను వదలని ప్రశ్న ఇది. వీలునామా ప్రశ్నతో మొదలుపెట్టకూడదని మా తమ్ముడు, వకీలు రఘునందన్ అన్నాడు. "అక్కా, ఇది డాక్యుమెంటు, డైరీ కాదు" అని కూడా అన్నాడు. అయినా ఉంచాను.

కొమరవోలు అరుంధతి అనే నేను, రఘురామ్ గారి భార్యను, నలభై ఏడేళ్లదాన్ని, నోయిడా వాస్తవ్యురాలిని, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిని, పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా నా ఇష్టప్రకారం రాసుకుంటున్న వీలునామా ఇది. సర్వేల్లో జనం చెప్పిన జవాబులను అనుమానించడం నా ఉద్యోగం. ఆ అలవాటు కొద్దీ నా స్పృహ మీద కూడా నాకు కాస్త అనుమానం ఉంది కాబట్టి డాక్టరు గారి సర్టిఫికెట్టు జతపరిచాను. నాకు ఏ జబ్బూ లేదు. చదివేవాళ్లు కంగారుపడనక్కర్లేదు.

ఇప్పుడెందుకంటే, కారణం మా మరిది కేశవరావు. మా హైబ్రిడ్ కారులో నోయిడా నుంచి విశాఖపట్నం దాకా, మా పెద్దమ్మ మనవరాలి పెళ్లికి వెళ్తానని నేనన్నప్పుడు, ఇంటికొచ్చిన చుట్టాలందరి ముందూ "వదినా, ఆ డబ్బాలో నాగపూర్ దాటే ముందు వీలునామా రాసి పెట్టు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ముందు రాయలేదు. మూడు లక్షల కిలోమీటర్లు దాటిన బండిలో వెళ్లి, అదే బండిలో తిరిగొచ్చి, కిందటి వారం దాన్ని మా బేస్‌మెంటులో పెట్టాక ఇప్పుడు రాస్తున్నాను. ఆస్తి ఉందని రుజువయ్యాక రాయడమే పద్ధతి కదా.

ఒకటి. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా తమ్ముడు రఘునందన్‌కు అప్పగిస్తున్నాను. వాడు గురుగ్రామ్‌లో ఉంటాడు, ఫోను ఎత్తడు. వాట్సాప్‌లో పెడితే చూస్తాడు.

రెండు. మేమున్న ఫ్లాటులో నా సగభాగం, నా బంగారం, పీఎఫ్ సొమ్ము మా అమ్మాయి ప్రణతికి చెందాలి. దీని గురించి నాకు ఏ సందేహమూ లేదు. ఇంత తేలిగ్గా రాయగలిగిన పేరా ఇదొక్కటే.

మూడు. మా వారు రఘురామ్ గారికి గోధుమరంగు మఖమల్ సీటు కవరును ఇస్తున్నాను. మడతపెట్టి అల్మారా పైఅరలో ఉంచాను. ఎందుకిస్తున్నానో తెలియాలంటే జరిగింది చెప్పాలి.

ఆ కారు ఆయన కొన్నదే. పెట్రోలుతో పాటు కరెంటు మీద కూడా నడుస్తుంది కాబట్టి, వెనక సీటు వెనకాల దాని పెద్ద బ్యాటరీ ఉంటుంది. సీటు పక్కన మూలలో అరచేతి వెడల్పు జాలీ ఒకటి ఉంటుంది. కారులోని చల్లగాలిని ఆ జాలీ లోంచే ఒక ఫ్యాను పీల్చి బ్యాటరీకి పంపుతుంది. ఈ సంగతి మాలో ఎవరికీ తెలియదు. కొన్న నెలలోనే మా వారు కరోల్‌బాగ్‌లో ఆ మఖమల్ కవరు కుట్టించారు. అది జాలీని సగం మూసింది. మిగతా సగాన్ని మా తెలుగుతనం మూసింది. ఢిల్లీలో దొరికే బియ్యం మనకు నచ్చవు కదా. ఊరి నుంచి రైల్లో ఎవరొచ్చినా ఒక బస్తా బియ్యం, ఆవకాయ డబ్బాలు తేవాల్సిందే. డిక్కీలో నూనె కారుతుందని ఆ డబ్బాలను, అవి ఒరిగిపోకుండా వాటికి ఆసరాగా బస్తాను వెనక సీటు మూలకే ఆనించేవాళ్లం. స్టేషన్ నుంచి ఇంటికొచ్చాక కూడా బస్తా రెండు మూడు రోజులు అక్కడే ఉండేది.

ఒక మే నెలలో డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలగడం మొదలైంది. వెనక నుంచి హెయిర్ డ్రయ్యర్ పెట్టినట్టు చప్పుడు. సర్వీసు సెంటరులో టై కట్టుకున్న అబ్బాయి కంప్యూటరు చూసి, "మేడమ్, బ్యాటరీ ఖతమ్. పూరా ప్యాక్ బదల్నా పడేగా. ఇస్‌సే అచ్ఛా, నయీ గాడీ లే లీజియే" అన్నాడు. బ్యాటరీ మొత్తం మార్చే బదులు కొత్త బండి కొనమన్న ఆ మాట మా వారికి నచ్చింది. "ఇక లాభం లేదు, ఎక్స్ఛేంజిలో ఇచ్చేద్దాం" అన్నారు. కేశవరావు అప్పటికే కొత్త మోడళ్ల బొమ్మలు పంపడం మొదలుపెట్టాడు.

నేను ఒప్పుకోలేదు. ధైర్యంతో కాదు, అనుమానంతో. నేనొక్కదాన్నే ఆఫీసుకి వెళ్లిన రోజుల్లో, ఎంత ఎండలోనైనా ఆ దీపం వెలగలేదు. వెలిగినవన్నీ వెనక సామాను ఉన్న రోజులే. నిజంగా చచ్చిపోయిన బ్యాటరీ చుట్టాలొచ్చినప్పుడే ఎందుకు చస్తుంది? ఒక ఆదివారం కవరు విప్పాను. జాలీ కనిపించింది. వర్క్‌షాపు వాళ్లతో ఫ్యాను బయటికి తీయించాను. ఢిల్లీ దుమ్ము, బియ్యం తవుడు, కారంపొడి కలిసి కంబళి ముక్కలా దాని రెక్కలకు పట్టుకుని ఉన్నాయి. ఆవకాయ వాసన వచ్చింది. అది శుభ్రం చేయించి, వేడికి బలహీనపడిన సెల్స్ మటుకు మార్పించాను. ఎర్ర దీపం మళ్లీ వెలగలేదు.

అంతకు ముందు మా వారు, "అది నడిస్తే బండి నీ పేర రాసేస్తాను ఫో" అన్నారు. బండి బాగయ్యాక పట్టుబట్టి ఆర్‌సీ నా పేర మార్పించుకున్నాను. అందుకే ఈ కారు నా స్వార్జితం అని ఇక్కడ చట్టబద్ధంగా ప్రకటించగలుగుతున్నాను.

అంతటితో ఆయనకు నమ్మకం కలగలేదు. పెళ్లికి విమానంలో వెళ్లారు. నేనూ, నా ఆఫీసు స్నేహితురాలు రేవతీ మార్చి మార్చి నడుపుకుంటూ ఆయన కన్నా ముందే బయల్దేరి వెళ్లాం. తిరుగు ప్రయాణం నాడు ఆయన విమానం టికెట్టు రద్దు చేసుకున్నారు. పెళ్లికొచ్చిన మా అత్తగారు ఇచ్చిన బియ్యం బస్తాను తనే ఎత్తి డిక్కీలో పెట్టారు. జాలీ ముందు ఏమైనా ఉందా అని వంగి చూశారు. నాగపూర్ దాకా నా పక్క సీట్లో నోరు తెరుచుకుని నిద్రపోయారు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయన నా మాట మీద అంత నిశ్చింతగా ఉండటం నేను చూడలేదు. కాబట్టి సీటు కవరుతో పాటు నా ఊలు శాలువా కూడా ఆయనకే. ప్రయాణంలో మెడ కింద పెట్టుకోవడానికి.

నాలుగు. కేశవరావుకు, విశాఖ బీచ్ రోడ్డు మీద సముద్రం వైపు మొహం పెట్టుకుని నిలబడ్డ నా కారు ఫొటో. ఫ్రేము కట్టించాను. అతని ఇంటి హాల్లో, టీవీకి పైన వేలాడదియ్యాలి. వీలునామా రాసుకోమన్న మంచి సలహాకు ఇది నా కృతజ్ఞత. మనసులో ఏమీ పెట్టుకోలేదు. పెట్టుకుని ఉంటే పెద్ద సైజు కట్టించేదాన్ని.

ఐదు. కారు ఎవరి చేతికి పోయినా ఈ షరతులు వర్తిస్తాయి. సీటు కవరు వెయ్యకూడదు. నెలకోసారి జాలీని మెత్తటి బ్రషుతో దులపాలి, దీపావళి పొగ తర్వాత తప్పకుండా. ఎండలో నిలబెట్టిన కారు ఎక్కగానే కిటికీలు దించి వేడి పోనిచ్చాక ఏసీ పెట్టాలి. బ్యాటరీకీ మనుషులకు హాయిగా ఉండే చల్లదనమే కావాలి. బ్యాటరీ నుంచి వచ్చే నారింజరంగు తీగల్లో ప్రాణం తీసేంత కరెంటు ఉంటుంది, వాటి జోలికి మీరు పోవద్దు, అది తెలిసిన వర్క్‌షాపు పని. పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లను తిరగనివ్వని ఢిల్లీ నిబంధన, ఆ గడువు వచ్చేసరికి ఎలా ఉందో చూసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, నడపాలి. ఈ బ్యాటరీని వాడకం చంపదు. నెలల తరబడి కదలకుండా నిలబెడితే పోతుంది.

ఆరు. బ్రషు, చిన్న వ్యాక్యూమ్, బ్యాటరీ ఆరోగ్యం ఫోనులో చూపించే ప్లగ్గు రేవతికి. దారిలో ధాబాలన్నిటి దగ్గరా నాకు కాకుండా ముందు కారుకు నీడ వెతికిన మనిషి. ఆమెకు ఈ పత్రంలో వాటా ఉంది కాబట్టి సాక్షి సంతకం చెయ్యనివ్వలేదు. "అంటే నాకేదో పెద్దదే రాసినవ్" అని ఆశపడింది. బ్రషు అని తెలిస్తే తిడుతుంది.

ఏడు. ఇక కారు.

ప్రణతి ఈ కారు వెనక సీట్లోనే పెరిగింది. ట్రాఫిక్‌లో ఇంజను ఆగి బండి కరెంటు మీద చప్పుడు లేకుండా జారుతున్నప్పుడే పిల్ల నాతో మనసు విప్పేది. స్కూల్లో ఎవరూ తనతో మాట్లాడటం లేదని, లెక్కలు మానేస్తానని అన్నీ హిందీలోనే చెప్పింది, నేను తెలుగులోనే విన్నాను. ఇప్పుడు పుణేలో హాస్టల్లో ఉంది. కారు నీకే రాయనా అని ఫోనులో అడిగాను. "మమ్మా, ఐసీ బాతే మత్ కరో" అంటూ, అలాంటి మాటలొద్దని కోప్పడింది. మళ్లీ తనే, "మై ఇసే కభీ నహీ బేచూంగీ. బేస్‌మెంట్ మే రఖూంగీ, కవర్ డాల్ కే. రోజ్ యాద్ కరూంగీ" అంది. ఎప్పటికీ అమ్మదట, రోజూ తలుచుకుంటుందట. నాకు ఏడుపొచ్చింది. కవరు కప్పి బేస్‌మెంటులో పెడితే ఏడాదిలో ఆ బ్యాటరీ పోతుందని చెప్పలేకపోయాను.

రేవతిని అడిగాను. "నాకిస్తే రోజూ తిప్పుత. ఇంకో లక్ష కొట్టిస్త. గానీ మంచి బేరమొస్తే అమ్మేస్త, ముందే చెప్తున్న" అంది. ఆమె దగ్గర కారు బతుకుతుంది. ఎన్నాళ్లు మనది అనుకోగలమో తెలియదు.

ఎవరి పేరూ రాయకపోతే మా వారికీ ప్రణతికీ చెరిసగం పోతుందని రఘునందన్ హెచ్చరించాడు. మా వారు మారారనే అనుకుంటున్నాను. ఎక్స్ఛేంజి ఆఫర్ చూసినప్పుడు ఎంత మారారో తెలుస్తుంది. కనుక పేరు రాయక తప్పదు. నాలుగు రోజులుగా రాస్తున్నాను, కొట్టేస్తున్నాను. మూడు లక్షల కిలోమీటర్ల దాకా దీన్ని తెచ్చినదాన్ని, అందరి మాటనూ అబద్ధం చేసినదాన్ని, ఇంతమాత్రం తేల్చలేనా అనిపిస్తోంది. తేల్చలేకపోతున్నాను. దీన్ని కదలనివ్వకుండా ప్రేమించే నా కూతురికి ఇవ్వాలో, రోజూ నడిపి ఒకనాడు అమ్మేసే నా స్నేహితురాలికి ఇవ్వాలో నాకు తెలియదు. ఈ ఒక్క చోటు ఖాళీగా వదిలి, మిగతాదంతా ఖరారు చేస్తూ సంతకం పెడుతున్నాను.

నోయిడా, 2025 నవంబరు 16, ఆదివారం.

(సంతకం) కొమరవోలు అరుంధతి

ఆమె మా ఎదుట చదివి, మా ఎదుటే సంతకం చేశారు:
1. శేషగిరి, రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, ఎదురు ఫ్లాటు
2. డాక్టర్ వర్షిణి, పిల్లల వైద్యురాలు, పై అంతస్తు