రాగి కాగు బరువు

బాపుకు,

వినోద నమస్కారాలు. హాస్టల్ ఫోన్ దగ్గర వెనక నిలబడ్డవాళ్లంతా వింటారు, అందుకే ఉత్తరం. నన్ను కన్న అవ్వ పోయినంక ఇచ్చోడలో నువ్వొక్కడివే ఎట్లున్నావోనని ఫికరవుతుంది.

సైన్సు సార్ స్నానం నీళ్లకు ఎంత వేడి కావాలో లెక్క కట్టమన్నారు. నేను నీళ్లకే కట్టినా. "కాగు వేడెక్కకుండా నీళ్లెట్ల వేడెక్కుతయ్?" అని సున్నా వేశారు. మన రాగి కాగు ఖాళీది ఎంత బరువో, నీళ్లెన్ని పోస్తావో, పత్తికట్టె ఎంత మండిస్తావో రాయి.

నీ బిడ్డ వినోద

మరిచిపోయినా: ఇక్కడ చలి బాగా ఉంది. మాకు చన్నీళ్లే.

* * *

బిడ్డ వినోదకు,

బాపు దీవెనలు. చన్నీళ్లని చదివి పానం ఊకోలే. పత్తికట్టె మోపు కట్టి కరీంనగర్ బస్సుల ఏసిన. టికెట్ ఎవరిదన్నడు కండక్టర్. బిడ్డ కోసమన్న. దించిండు.

కాగు సంగతి నాకు నచ్చలే. ఖాళీ బరువు అడిగేటోడు పాత సామాన్లోడే. మీ సారు ఎంత మంచోడైనా కాగు అమ్మేది లేదు. అది మీ అవ్వ తల్లిగారింటి నుంచి తెచ్చుకున్నది.

నీ బాపు మొండయ్య

ఇంకో మాట: మోపుతోని నన్ను గూడ దించిండు.

* * *

బాపుకు,

కాగును ఎవరూ కొనరు. చెప్తే సార్ నవ్వి నవ్వి కళ్లద్దాలు తుడుచుకున్నారు. నాకైతే ఏడుపొచ్చింది. అవ్వ ఉంటే ఒక్క మాటలో నీకు సమజయ్యేటట్టు చెప్పేది. జర బరువు తూచి రాయి.

నీ బిడ్డ వినోద

* * *

బిడ్డ వినోదకు,

పత్తి కొనే శ్యాంసుందర్ సేటు కాంట మీద పెట్టిన. ఎనిమిది కిలోలు. సేటు అలవాటు కొద్ది లోపల చెయ్యి పెట్టి చూసి, తేమున్నదని కిలో కోసిండు. ఏది రాస్తవో నీ ఇష్టం.

కట్టె రోజుకు మోపెడు పడుతుంది. నీళ్ల సంగతి మళ్ల రాస్త, ఎడ్లకు మేత ఏసేది ఉన్నది.

నీ బాపు మొండయ్య

ఇంకో మాట: ఫికర్ చెయ్యకు. పక్కింటి జమున కట్టె మోసుట్ల సాయం జేస్తుంది.

* * *

బాపుకు,

నీళ్లెన్నో నువ్వు రాయలేదు, ఒక మనిషికి ఒక బిందె అనుకుని నీళ్లకు, కాగుకు కలిపి వేడి కట్టినా. సగం వేడి గాలికే పోతుందనుకున్నా. అయినా నీ మోపులో చాలా కట్టె మిగులుతుంది. తిప్పి తిప్పి చేసినా అంతే. ఒక్క మనిషికి అంత పట్టదు బాపూ. ఆ పొయ్యి మీద ఇద్దరి నీళ్లు వేడవుతున్నాయి.

అవ్వ పోయి ఏడాది కూడా కాలేదు. ఆమె ఎవరు? జమునక్కనా? పేరు రాయి. రాయకుంటే సెలవులకు ఇంటికి రాను.

వినోద

మరిచిపోయినా: ఈ లెక్కకు సార్ పదికి పది వేశారు. నాకు సంతోషం కాలేదు.

* * *

బిడ్డా,

నీ లెక్క కరెక్టే. ఇద్దరి నీళ్లే కాగుతున్నయి.

కాగు లోపల తెల్ల గీత ఉన్నది గద. మీ అవ్వ ఏండ్ల సంది నీళ్లు పోసిన కాడ పడ్డది. ఆమె పోయినంక నా మందమే ఒక బిందె పోసిన. నీళ్లు కిందనే ఆగినయి, గీత పైన ఎండిపోయి కనవడ్డది. చూడలేకపోయిన. ఇంకో బిందె పోసి గీత ముంచిన. అప్పటిసంది రోజు అంతే పోస్తున్న. నా తానం అయినంక మిగిలినయి చల్లారేదాక పక్కన కూసుంట. తర్వాత ఎడ్లకు పోస్త.

జమునను ఏమనకు. ఆమె, ఆమె మొగడు కలిసే మోస్తరు.

పెండ్లయిన కాడి నుంచి మీ అవ్వను పేరు పెట్టి పిలువలే నేను. నువ్వు రాయమన్నవని రాస్తున్న. ఐలవ్వ.

నీ బాపు మొండయ్య

ఇంకో మాట: సెలవులకు రా. గీత మీదికి ఇంకో బిందె పోస్త. కట్టె ఎక్కువ పడుతది, లెక్క మళ్ల జేసుకో.