తోలు చిట్లిన చప్పుడు

ఘానా,
శనివారం

పూజ్యులైన దానియేలు అన్నయ్యగారికి,

మీ చెల్లెలు రత్నమణి చేతులు జోడించి రాసుకుంటున్న సంగతులు. ప్రభువు దయవల్ల నాకు ఒంట్లో బాగానే ఉంది. మీరూ వదినా పిల్లలూ కులాసాగా ఉన్నారనే తలుస్తున్నాను. వదిన మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? గుడివాడ అమ్మాయికి నెలలు నిండాయా? గాలివానకి మన పేట చర్చి పైకప్పు లేచిపోయిందని రాశారు, మళ్ళీ నేయించారా? కాలవ నీళ్ళు ఈ ఏడన్నా కోడూరు దాకా వచ్చాయా? రోజూ ప్రార్థనలో మీ అందరి పేర్లూ తలుచుకుంటున్నాను.

నేను బాగానే ఉన్నాను, దిగులు పడకండి. ఈ మాట ముందే రాస్తున్నాను, ఎందుకంటే కింద రాయబోయేది చదివితే మీకు కష్టంగా ఉంటుంది. రెండు వారాలుగా కాగితం ముందు పెట్టుకోవడం, మళ్ళీ మడిచి పెట్టెలో పెట్టడం. ప్రార్థనలో చెప్పుకుంటే సరిపోతుందనుకున్నాను. సరిపోలేదు.

ఇక్కడ వానలు ముదిరాయి. నెల రోజులుగా గుడ్డ ఆరదు, ఉప్పు నీరు కారుతుంది, సూదులు తుప్పు పడుతున్నాయి. బందరు సముద్రపు గాలి నాకు అలవాటే గాని ఈ చెమ్మ వేరు. తిండికి లోటు లేదు. సంతలో ఉత్తరపు వైపు నుంచి వచ్చిన ఆడవాళ్ళ దగ్గర గోంగూర దొరికింది అన్నయ్యా, అచ్చం మన గోంగూరే. ఆ రోజు అన్నం తింటూ ఏడ్చాను. నేను కుట్టుపని నేర్పే స్కూల్లో ఆడపిల్లలు నన్ను ‘మామీ’ అంటారు. బుద్ధిమంతులు. ఆదివారం గుడిలో వాళ్ళ భాషలో పాడే కీర్తనలు చాలావరకు మన రాగాలే. నేను తెలుగులో పాడుకుంటాను, ఎవరూ ఏమీ అనరు. ఆయన పోయాక బందరులో ఆ ఇంట్లో ఉండలేక మిషను వాళ్ళు అడగ్గానే ఒప్పుకుని వచ్చాను గదా. వచ్చి పద్నాలుగు నెలలయినా ఆదివారం మధ్యాహ్నం మాత్రం గడవదు.

ఆ మధ్యాహ్నాల వల్లే ఇదంతా మొదలయింది. మా పక్క కాలేజీలో కోఫీ అనే సంగీతం మాస్టారు ఉన్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి. ఇంగ్లండులో చదివి, వస్తూ వస్తూ ఒక టేపు మిషనూ, రేడియోలు బాగుచేసేవాళ్ళు వాడే ఒక పెట్టే తెచ్చుకున్నాడు. ఆ పెట్టె మీద బొత్తాం తిప్పితే సన్నగా కూత మొదలై, పెరిగి పెరిగి చెవిలో సూది గుచ్చినట్టు అవుతుంది. ఇంకో పక్కకి తిప్పితే గుడివాడ రైసుమిల్లు దూరం నుంచి వినపడ్డట్టు గుర్రుమంటుంది. దాన్ని ఈ దేశపు డ్రమ్ములతో కలిపి ఒక సంగీతం చెయ్యాలని అతని తపన. కుట్టు గది నిండా గుడ్డ తానులు ఉంటాయి, గోడలు మాట తిరిగి చెప్పవు అని, ఆదివారాలు మా గది అడిగి తీసుకున్నాడు. తాళం నా దగ్గర ఉంటుంది కాబట్టి నేనూ కూర్చునేదాన్ని.

టేపంటే గోధుమరంగు నాడాలాంటిది. కావలసిన చప్పుడున్న ముక్క కత్తిరించి, రెండు కొసలూ అతికించి, చక్రంలా తిప్పితే అదే చప్పుడు మళ్ళీ మళ్ళీ వస్తుంది. అతను అడ్డంగా కత్తిరిస్తే అతుకు దగ్గర ‘టక్కు’ మనేది. ఐమూలగా కోస్తే అతుకు తెలియదు, మేము పైపింగు గుడ్డ అలాగే కోస్తాము అని చెప్పాను. ఆ రోజు నుంచి కత్తెర నా చేతికిచ్చాడు. పొడుగాటి టేపు చుట్టలు మిషను మీంచి కిందకి జారకుండా, దారపు రీలు ఒకటి అల్లిక సూదికి గుచ్చి, చుట్టని దాని మీదుగా తిరగనిస్తూ పట్టుకునేదాన్ని. ఏ చప్పుడు ఎక్కడ తెగాలో నేనే చెప్పేదాకా వచ్చింది. ఇది సంగీతమేమిటని నేనూ అనుకున్నాను. అడిగితే ఇలా అన్నాడు: “మా మామయ్య డ్రమ్ము మనుషులతో మాట్లాడుతుంది మేడమ్. ఈ పెట్టె ఎవరితోనూ మాట్లాడదు. రెంటినీ ఒక గదిలో కూర్చోబెట్టి చూడాలని ఉంది.”

ఆ మేనమామ పెద్దాయన. వాళ్ళ ఊరిని ఏలే దొరగారి డ్రమ్ములు వాయించే వంశం. నల్లటి జంట డ్రమ్ములు, నా నడుం ఎత్తున ఉంటాయి. అవి పూర్వీకుల పేర్లు పలుకుతాయట. ఎన్నో నెలలు బతిమాలగా మేనల్లుడి కోసం ఒక శనివారం తెచ్చాడు. పెట్టె కూత విని, “ఈ దోమకి జీతమెంత ఇస్తున్నావురా?” అన్నాడు. అందరం నవ్వాము. పెద్దాయనా వాళ్ళ గుడికి వెళ్ళేవాడే, మెడలో చిన్న సిలువ ఉంది.

ముందు రోజంతా వాన. శనివారం పొద్దున డ్రమ్ములు కుట్టు గదిలో దింపి, వాళ్ళిద్దరూ టీ తాగడానికి వెళ్ళారు. నేనొక్కదాన్నే. ఊరికే వేలితో తట్టాను. చెమ్మకి తోలు మెత్తబడి మొద్దుగా పలికింది. ఆ తరవాత జరిగింది ఎలా రాయను. బల్ల మీద బొగ్గుల ఇస్త్రీపెట్టె ఉంది. మూత తెరిచి, బొగ్గులు విసిరి రాజేసి, ఆ సెగ తోలుకి దగ్గరగా పట్టి చుట్టూ తిప్పాను. మధ్యలో వేలితో తట్టి, చెవి ఆనించి, మళ్ళీ తిప్పాను. నలభై మూడేళ్ళయింది అన్నయ్యా. నా బుర్రకి తెలియకుండా చేతులు చేశాయి. గడ్డిమంట దగ్గర నాన్న డప్పు కాస్తూ, నేను గడ్డి అందిస్తుంటే, “చెవి పెట్టి చూడవే మణీ, పలుకుతోందా?” అనేవారు. నాకు ఆరేళ్ళో ఏడేళ్ళో.

ఇక్కడి డ్రమ్ముకి మంట చూపించరట. మేకులు దిగ్గొట్టి బిగిస్తారు, ఎండితే నీళ్ళు చల్లుతారు. నాకేం తెలుసు? పెద్దాయన వచ్చాడు, ఏదో మంత్రంలా డ్రమ్ముతో చెప్పుకున్నాడు, కోఫీ టేపు తిప్పాడు, పెట్టె కూత పెట్టాడు. మూడో దెబ్బకి తోలు అంచు నుంచి అంచుకి చిట్లింది. ఆ చప్పుడు టేపులో ఉంది.

పెద్దాయన చిట్లిన తోలు మీద అరచెయ్యి ఆనించాడు. తరవాత మేనల్లుడితో, “నీ దోమ కూత భరించలేక చచ్చిపోయింది. ఇంక ఏ డ్రమ్మూ దాని దగ్గరకి రాదు” అన్నాడు. డ్రమ్ములకి గుడ్డ చుట్టి తీసుకెళ్ళిపోయాడు. కోఫీ నేల మీద కూర్చుండిపోయాడు. ఆ ఇద్దరికీ మధ్య నేను నిలబడి ఉన్నాను. నా ఇస్త్రీపెట్టె ఇంకా వేడిగానే ఉంది. నేను ఏమీ చెప్పలేదు.

తొమ్మిది రోజులు చెప్పలేదు. కోఫీ పెట్టె మూసేసి మూల పెట్టాడు. వాళ్ళ ఊరంతా అతను పూర్వీకుల డ్రమ్ము పగలగొట్టిన వాడయ్యాడు. నేను మాత్రం పొద్దున వాక్యం చదువుకుని, పిల్లలకి కాజాలు కుట్టడం నేర్పుతూ కూర్చున్నాను. ఆ ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరకి వెళ్ళలేకపోయాను. సోమవారం సాయంత్రం కోఫీని పిలిచి చెప్పేశాను. అతను కోప్పడతాడనుకున్నాను. “మీకు ఇదెవరు నేర్పారు మేడమ్?” అని మాత్రం అడిగాడు. మర్నాడు నన్ను పెద్దాయన దగ్గరకి తీసుకెళ్ళాడు.

పెద్దాయన డబ్బు అడగలేదు. ఒక కోడిగుడ్డూ, ఒక సీసా సారా పట్టుకుని వచ్చి, డ్రమ్ముని క్షమాపణ అడగాలన్నాడు. నా నోటితోనే, నా భాషలోనే చెప్పాలట. ఏం చేశానో, ఆ పని ఎవరి దగ్గర నేర్చుకున్నానో కూడా చెప్పాలట. నేను క్రైస్తవురాలిని, సారా పొయ్యను, గుడ్డు పెట్టను అన్నాను. ఆయన నవ్వాడు. “నేనూ ఆదివారం అక్కడే కూర్చుంటాను తల్లీ. గుడ్డు నేను పెడతాను. మాట నువ్వు చెప్పు. మాట ఎవరో చెప్తే చెల్లదు” అన్నాడు. మేనల్లుడి వైపు తిరిగి, “నీ దోమనీ తీసుకురా, అది కూడా విననీ” అన్నాడు.

మిమ్మల్ని అడిగి వెళ్ళాలనుకున్నాను. మీ జవాబు రావడానికి మూడు వారాలు పడుతుంది. అన్నాళ్ళూ ఆ కుర్రవాడు నా తప్పు మొయ్యాలా? బుధవారం పొద్దున వెళ్ళాను. కోఫీ పెట్టెతో పాటు టేపు మిషను కూడా తెచ్చి తిప్పి ఉంచాడు. చెప్పులు విప్పి ఆ డ్రమ్ము ముందు నిలబడ్డాను. ఇంగ్లీషు నోటికి రాలేదు, తెలుగులోనే చెప్పాను. “తప్పయింది. వేడి చూపించింది నేను. కుర్రవాడి తప్పు లేదు, పెట్టె తప్పు లేదు. ఈ పని మా నాన్న దగ్గర చూసి నేర్చుకున్నాను. నేను పోలయ్య కూతుర్ని.”

యోహాను కూతుర్ని అనాలి. నాన్న సమాధి మీద చెక్కింది యోహాను అనే గదా. బాప్తిస్మానికి ముందరి ఆ పాత పేరు మన ఇంట్లో పలికి ఎన్నేళ్ళయిందో, నోట్లోంచి అదే వచ్చింది. నేను మొక్కలేదు అన్నయ్యా. మొక్కానేమో కూడా తెలియదు. తల వంచాను. మనిషికి చెప్పానో చెక్కకి చెప్పానో నాన్నకి చెప్పానో నాకే అంతు పట్టడం లేదు. అందుకే మీకు రాస్తున్నాను.

ఒక మాట అంటే కోపం తెచ్చుకోకండి. బాప్తిస్మం రోజు పొద్దున నాన్న డప్పు చట్రం విరిచి పొయ్యిలో పెట్టింది మీరే. మీకు పదిహేడేళ్ళు, ప్రభువు మీది నమ్మకంతో అంత వెలుగు మీ ముఖంలో. తప్పని నేను అనడం లేదు. ఆ పొయ్యి మీద కాగిన నీళ్ళతోనే నాన్న స్నానం చేసి కాలవ దాకా నడిచారు. నేను చూశాను. తరవాత గుడిలో కీర్తన పాడుతుంటే నాన్న వేళ్ళు బల్ల మీద ఆడేవి. మీరు మీ చెయ్యి వేసి ఆపేవారు. అదీ చూశాను. ఏమీ అనలేదు. ఆ తొమ్మిది రోజులు నేను నోరు మూసుకున్నది కొత్తగా నేర్చుకున్న విద్య కాదు.

పెద్దాయన కొత్త తోలు వేయించాడు. మేనల్లుడిని క్షమించాడు. చిట్లిన చప్పుడు తను వినాలన్నాడు. కోఫీ మామూలుగా వినిపించాడు, తరవాత నిదానం చేసి వినిపించాడు. అరక్షణం చప్పుడు సాగి సాగి, పెద్ద గాలి మన తాటాకు కప్పు మీదకి ఎక్కుతున్నట్టు వచ్చింది. దాని వెనక పెట్టె కూత సన్నగా. పెద్దాయన కళ్ళు మూసుకుని విని, “అది ఏడ్చింది. తీసెయ్యకు. పక్కన ఈవిడ మాట పెట్టు” అన్నాడు. అలాగే పెట్టారు. వచ్చే నెల కాలేజీ హాల్లో అందరి ముందూ వినిపిస్తారట. అందులో నా గొంతు ఉంది. పోలయ్య పేరు ఉంది.

నాకు ఇష్టం లేకపోతే ఆ ముక్క కోసెయ్యమని కోఫీ చెప్పాడు. కత్తెర నా దగ్గరే ఉంది. నా మిగతా మాటలన్నీ తీసెయ్యమని మీరు రాస్తే తీసేస్తాను, చెప్పులు వేసుకోవద్దని ఆజ్ఞ పెట్టినా పాటిస్తాను. ఆ ఒక్క పేరు మాత్రం కొయ్యలేను అన్నయ్యా. మీరు చెప్పినా కొయ్యలేను. తరవాత తెలిసి బాధపడేకన్నా ముందే చెప్పడం మంచిదని రాశాను.

నేను చేసింది పాపమయితే పాపమనే రాయండి, మొహమాటపడకండి. మీ ఉత్తరం అందేదాకా ప్రభువు బల్లకి దూరంగానే ఉంటాను.

వీలయితే పెడన అద్దకం గుడ్డ నాలుగు గజాలు పంపండి, పిల్లలు చూడాలని ముచ్చట పడుతున్నారు. వదినని ఆ కాలు ఎత్తు మీద పెట్టుకోమనండి. పేటలో పెద్దలందరికీ నా వందనాలు, పిల్లలకి ముద్దులు. అమ్మ సమాధి మీద, నాన్న సమాధి మీద గడ్డి పీకించండి. నేను బాగానే ఉన్నాను, నిజంగా బాగానే ఉన్నాను. మీ చెయ్యి నా తల మీద ఉందనుకుని ఈ కాగితం మడుస్తున్నాను.

మీ దీవెన కోరే చెల్లెలు,
రత్నమణి